మచ్చను ఏ పరికరంతో చూపించుకోవాలి? చర్మ క్యాన్సర్‌ను ముందే పట్టే సాధనాల పోలిక

ఒంటి మీద పుట్టుమచ్చ ఈమధ్య పెరిగినట్టు అనిపించినా, అరికాలిలో మునుపు లేని నల్ల మరక కనిపించినా, కొన్నేళ్ల కిందటి వరకు చేయగలిగింది ఒకటే. చర్మవైద్యులకు చూపించాలి, వారికి అనుమానం వస్తే అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇప్పుడు ఆ రెండు మెట్ల మధ్య చాలా పరికరాలు వచ్చి చేరాయి. కాంతిని పంపి కొలిచేవి, సన్నని విద్యుత్తును పంపి కొలిచేవి, కోత లేకుండానే చర్మంలోని కణాలను చూపించేవి, ఫొటో తీస్తే చాలు ఫలితం చెప్పేస్తామనే మొబైల్ యాప్‌లు కూడా ఉన్నాయి. వీటిలో దేన్ని నమ్మాలి, ఎవరికి ఏది పనికొస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

ఒక సంగతి ముందే తెలుసుకుంటే మిగతాది సులువవుతుంది. ఈ పరికరాల్లో ఏదీ ముక్క పరీక్షకు బదులు కాదు. మైక్రోస్కోపు కింద పాథాలజిస్టు చూసి చెప్పేదే చివరి మాట. ముక్క తీయాలా, వేచి చూడవచ్చా, పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలా అనే నిర్ణయానికి సాయపడడం వరకే పరికరం పని. కాబట్టి వీటిని పోల్చేటప్పుడు ఏది ఎక్కువ తెలివైనది అని కాకుండా, మన మచ్చ విషయంలో ఆ నిర్ణయాన్ని ఏది మెరుగుపరుస్తుంది అని అడగాలి.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదట చూడవలసింది మచ్చ ఎక్కడ ఉందన్నది. ప్రకటనలు దీన్ని దాదాపుగా ప్రస్తావించవు గానీ, మనవాళ్ల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తెల్లజాతి వారిలో మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, ఎక్కువగా ఎండ తగిలే వీపు, కాళ్లు, ముఖం మీద వస్తుంది. భారతీయుల్లో మెలనోమా అరుదే గాని, వచ్చినప్పుడు అందులో పెద్ద వాటా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద, నోరు, ముక్కు వంటి చోట్ల లోపలి పొరల్లో కనిపిస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. స్క్వామస్ సెల్ కార్సినోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో మొదలవుతుంది. లంగా బొందు దశాబ్దాల పాటు బిగించి కట్టడం వల్ల నడుము దగ్గర చర్మం ఒరిసి, అరుదుగా అక్కడే క్యాన్సర్ రావడం భారతీయ వైద్య పత్రికల్లో నమోదైంది. అలాంటి చోట్ల పనిచేయని పరికరం ఎంత ఖరీదైనదైనా మనకు ఒరిగేది తక్కువ.

రెండవది, ఆ పరికరాన్ని ఏ రంగు చర్మం మీద పరీక్షించారన్నది. చర్మం రంగును ఎండకు స్పందించే తీరును బట్టి ఆరు తరగతులుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో తెలుగువారిలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కాంతిని పీల్చుకుంటుంది కనుక కాంతితో కొలిచే ఏ పరికరానికైనా ఇది నేరుగా తగిలే అంశం. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరు నల్లని చర్మం మీద కొన్నిసార్లు ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుందని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం గుర్తుచేసుకుంటే, ఈ ప్రశ్న ఊరికే వేస్తున్నది కాదని తెలుస్తుంది.

మూడవది పరికరం ఎవరి చేతిలో ఉంటుందన్నది. నాలుగవది, అది "అనుమానమే" అని చెప్పిన తర్వాత ముక్క తీసేవారు, దాన్ని చదివేవారు అందుబాటులో ఉన్నారా అన్నది.

అంకెల్ని చదవడం

ప్రతి కంపెనీ ముందుగా చూపించే అంకె సెన్సిటివిటీ. క్యాన్సర్ నిజంగా ఉన్న వంద మచ్చల్లో ఎన్నింటిని పరికరం పట్టుకుంది అనేది దాని అర్థం. దాని పక్కనే చదవవలసిన రెండో అంకె స్పెసిఫిసిటీ, అంటే క్యాన్సర్ కాని వంద మచ్చల్లో ఎన్నింటిని "ఫర్వాలేదు" అని వదిలిపెట్టింది అనేది. ప్రతి మచ్చకూ "అనుమానమే" అని చెప్పే పరికరానికి సెన్సిటివిటీ నూటికి నూరు వస్తుంది. అయినా దానివల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

ఈ మాట ఊహ కాదు. మెలాఫైండ్ అనే యంత్రానికి 2011లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పది రకాల తరంగదైర్ఘ్యాల కాంతితో మచ్చను చిత్రించే ఆ యంత్రం పరీక్షల్లో 127 మెలనోమాల్లో 125ను పట్టుకుంది. అయితే మెలనోమా కాని మచ్చల్లో అది వదిలిపెట్టినవి పదింటికి ఒకటి మాత్రమే. దాదాపు అన్నిటికీ "ముక్క తీయండి" అనే యంత్రాన్ని చర్మవైద్యులు ఆదరించలేదు, కొన్నేళ్లకే అది మార్కెట్ నుంచి తప్పుకుంది. కొత్త పరికరం వచ్చిందన్న వార్త చదివినప్పుడల్లా దీన్ని తలచుకోవడం మంచిది.

మరో అంకె "నెగెటివ్ వస్తే క్యాన్సర్ లేనట్టే, 97 శాతం ఖాయం" అన్న రూపంలో కనిపిస్తుంది. పరీక్షకు తెచ్చిన మచ్చల్లో అసలు క్యాన్సర్లు ఎన్ని ఉన్నాయో తెలియకుండా దీన్ని మెచ్చుకోకూడదు. నూటికి 86 మచ్చలు ముందే మామూలువైతే, ఏ పరికరం లేకుండా "ఫర్వాలేదు" అన్నా 86 సార్లు ఆ మాట నిజమే అవుతుంది.

డెర్మోస్కోప్

ఇది కొత్తది కాదు. అయినా మొదటి స్థానం దీనిదే, ఎందుకో కింద తెలుస్తుంది. సుమారు పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, దాని చుట్టూ చిన్న లైట్లు, చర్మం మీది మెరుపును తొలగించే పోలరైజ్డ్ ఫిల్టరు కలిస్తే డెర్మోస్కోప్. అది చర్మం పైపొరను దాటి లోపలి రంగు అమరికను చూపిస్తుంది. వైద్య అధ్యయనాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2018లో వెలువరించిన సమీక్ష ప్రకారం, స్పెసిఫిసిటీని 80 శాతం దగ్గర స్థిరంగా ఉంచి చూస్తే, రోగిని ఎదురుగా పరీక్షించిన వైద్యులు ఉత్త కంటితో నూటికి 76 మెలనోమాలను, డెర్మోస్కోప్‌తో 92ను పట్టుకోగలరు. ఒక్క షరతు ఉంది. శిక్షణ లేనివారి చేతిలో ఇది మామూలు భూతద్దంతో సమానం.

మనకు దీని అసలు విలువ అరికాలి దగ్గర తెలుస్తుంది. వేలిముద్రల్లో ఉన్నట్టే అరికాలి చర్మంలోనూ గట్లు, చాళ్లు పక్కపక్కనే సాగుతాయి. మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా చాళ్ల వెంట సన్నని గీతలుగా పరుచుకుంటుంది. మెలనోమా రంగు గట్ల మీద వెడల్పు పట్టీలుగా కనిపిస్తుంది. ఏది గట్టు, ఏది చాలు అన్న సందేహం వస్తే గుర్తు ఒకటుంది: చెమట రంధ్రాలు గట్ల మీదే ఉంటాయి, డెర్మోస్కోప్‌లో అవి తెల్లని చుక్కల వరసలా కనిపిస్తాయి. ఇంకా తేలకపోతే కొందరు వైద్యులు ఆ చోట సిరా పూసి తుడుస్తారు, సిరా చాళ్లలో మిగిలిపోయి తేడా తేటపడుతుంది. గట్ల మీది రంగు అమరికకు మెలనోమాను గుర్తించడంలో 86 శాతం సెన్సిటివిటీ, 99 శాతం స్పెసిఫిసిటీ ఉన్నట్టు జపాన్ వైద్యులు 2004లో ప్రచురించారు. ఇది మన చర్మానికి దగ్గరైన ఆసియా రోగుల మీద, మనకు ముఖ్యమైన చోటున తేలిన ఫలితం. ఇంత బలమైన ఆధారం ఈ వ్యాసంలోని ఖరీదైన పరికరాల్లో దేనికీ ఆ చోట లేదు.

ఖర్చు కూడా తక్కువే. ఫొటోలు తీయడానికి ఫోన్‌కు తగిలించే చిన్న అద్దం కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది, వైద్యులు వాడే మంచి కంపెనీ పరికరం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. రోగికి మాత్రం చర్మవైద్యుల ఫీజుకు మించి పెద్దగా భారం పడదు.

డెర్మాసెన్సర్

ఈమధ్య ఎక్కువగా వార్తల్లోకి వచ్చింది ఇదే. 2024 జనవరిలో ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. చేతిలో ఇమిడే ఈ పరికరం కొనను మచ్చకు ఆనించి కాంతి తునకలను పంపితే, అవి కణాల నుంచి చెదిరి తిరిగొచ్చే తీరును బట్టి లోపలి అల్గారిథం కొన్ని సెకన్లలో ఫలితం చెబుతుంది. "మరింత పరిశీలించండి" అంటే పక్కనే ఒకటి నుంచి పది వరకు ఒక అంకె చూపిస్తుంది, లేదంటే "గమనిస్తూ ఉండండి" అంటుంది. మెలనోమాతో పాటు బేసల్ సెల్, స్క్వామస్ సెల్ కార్సినోమాలనే ఇతర చర్మ క్యాన్సర్లను కూడా లెక్కలోకి తీసుకోవడం దీని ప్రత్యేకత. ఇది ఇంటి వాడకానికి కాదు, చర్మవైద్యులకూ కాదు. 40 ఏళ్లు, ఆపైబడిన రోగుల్లో తమకు ముందే అనుమానం కలిగిన మచ్చ మీద, చర్మవైద్యులు కాని డాక్టర్లు వాడడానికే అనుమతి. అమెరికాలో డాక్టర్లకు నెలకు 199 డాలర్లకు ఐదుగురు రోగుల వరకు, 399 డాలర్లకు ఎందరికైనా అన్న చందా పద్ధతితో దీన్ని తెచ్చారు.

ప్రధాన అధ్యయనంలో వెయ్యి మందికి పైగా రోగుల నుంచి 1,579 మచ్చలను చూశారు. వాటిలో 224 క్యాన్సర్లు. సెన్సిటివిటీ 95.5 శాతం, స్పెసిఫిసిటీ 20.7 శాతం వచ్చాయి. ఈ అంకెలను ఒక చోట పరిచి చూద్దాం. వెయ్యి మచ్చల్లో పది మాత్రమే క్యాన్సర్లు అనుకుంటే, పరికరం వాటిలో తొమ్మిదో పదో పట్టుకుంటుంది. మిగిలిన 990 మామూలు మచ్చల్లో సుమారు 785కు కూడా "మరింత పరిశీలించండి" అనే అంటుంది. చర్మవైద్యుల అపాయింట్‌మెంటుకు నెలలు పట్టే అమెరికా చిన్న పట్టణంలో, ఎవరిని ముందు పంపాలో తేల్చుకోలేని ఫ్యామిలీ డాక్టరుకు దీనివల్ల కొంత ప్రయోజనం ఉంది. మన దగ్గర చర్మ క్యాన్సర్ అంతకన్నా అరుదు కనుక ఉత్తుత్తి అనుమానాల వాటా ఇంకా పెరుగుతుంది.

పరీక్షలో పాల్గొన్నవారిలో దాదాపు అందరూ తెల్లజాతి వారే. అందుకే అనుమతి ఇస్తూనే, తక్కువ ప్రాతినిధ్యం దొరికిన జనవర్గాల మీద మార్కెట్‌లోకి వచ్చాక మరో అధ్యయనం చేయాలని ఎఫ్‌డీఏ షరతు పెట్టింది. అమెరికాలో ఉండే తెలుగువారు తమ డాక్టరు ఈ పరికరం ఆనించి "గమనిస్తూ ఉండండి" అన్నప్పుడు ఈ షరతును గుర్తుంచుకోవాలి. ఆ మాటతో ఊరుకోకుండా చర్మవైద్యుల రిఫరల్ అడగడంలో తప్పు లేదు.

నెవిసెన్స్

స్వీడన్‌కు చెందిన సైబేస్ కంపెనీ యంత్రం ఇది. ఎఫ్‌డీఏ అనుమతి 2017లో వచ్చింది. చర్మాన్ని సెలైన్‌తో తడిపి, సూక్ష్మమైన ముళ్లున్న ఎలక్ట్రోడ్‌ను మొదట పక్కనున్న ఆరోగ్యకరమైన చర్మానికి, తర్వాత మచ్చకు ఆనిస్తారు. క్యాన్సర్ కణాల ఆకారం, అమరిక మారితే విద్యుత్తుకు అవి ఇచ్చే నిరోధం కూడా మారుతుందన్నది సూత్రం. దాదాపు రెండు వేల మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో 265 మెలనోమాలు ఉండగా సెన్సిటివిటీ సుమారు 97 శాతం, స్పెసిఫిసిటీ 34 శాతం వచ్చాయి. కాంతి మీద ఆధారపడకపోవడం సూత్రరీత్యా మన చర్మానికి అనుకూలమే. కానీ అనుమతి పత్రంలోనే అరచేయి, అరికాలు, జననాంగాలు, లోపలి పొరలు, మచ్చకట్టిన గాయాలు, పుండ్లు, వెంట్రుకలున్న చోట్లు వాడకూడనివని రాసి ఉంది. మనకు కావలసిన చోట్లను దాదాపుగా అన్నిటినీ అది పక్కన పెట్టింది.

కోయకుండా కణాలను చూపే యంత్రాలు

కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు లేజర్ కాంతితో చర్మంలో పావు మిల్లీమీటరు లోతు వరకు కణాలను పొరలు పొరలుగా చూపిస్తుంది. ఓసీటీ అనే మరో కాంతి స్కాన్ అంతకన్నా లోతుకు, మిల్లీమీటరు దాటి వెళుతుంది గానీ అంత స్పష్టంగా చూపలేదు. ముఖం మీది అనుమానాస్పద మచ్చల్లో, ముఖ్యంగా బేసల్ సెల్ కార్సినోమాలో, అనవసరమైన కోతను తప్పించడానికి ఇవి నిజంగా ఉపయోగపడతాయి. అరికాలి చర్మం పైపొర మందంగా ఉండడం వల్ల కాన్‌ఫోకల్ కాంతి అక్కడ లోపలికి చేరడం కష్టం. పైగా ఆ చిత్రాలను చదవడం వేరే విద్య. పెద్ద కేంద్రాల్లో తప్ప అడగవలసిన పని లేదు.

అంటించి తీసే పట్టీ

మచ్చ మీద జిగురు పట్టీ అంటించి ఊడదీసి, దానికి అంటుకున్న కణాల్లో ప్రేమ్, లింక్00518 అనే రెండు జన్యువుల జాడ వెతికే పరీక్షను అమెరికాలో డెర్మ్‌టెక్ తెచ్చింది. నొప్పి లేదు, కోత లేదు. అరచేయి, అరికాలు, గోళ్లు, లోపలి పొరలకు ఇదీ పనికిరాదు. ఆ కంపెనీ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. మంచి ఆలోచన ఉన్నంత మాత్రాన పరీక్ష రేపటికీ దొరుకుతుందన్న హామీ లేదు.

ఫోన్ యాప్‌లు, కృత్రిమ మేధ

ఇక్కడ రెండు వేర్వేరు వస్తువులను కలిపి చూడడం వల్లే గందరగోళం వస్తోంది. ఒకటి, ఆసుపత్రిలో శిక్షణ పొందినవారు ఫోన్‌కు డెర్మోస్కోప్ లెన్సు తగిలించి ఫొటో తీస్తే, దాన్ని విశ్లేషించే నియంత్రిత సాఫ్ట్‌వేర్. బ్రిటన్‌లో స్కిన్ అనలిటిక్స్ సంస్థ తెచ్చిన డెర్మ్ ఈ కోవలోది. ఆధారాలు ఇంకా సేకరిస్తూనే మూడేళ్ల పాటు అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో వాడవచ్చని, చికిత్సలను మదింపు చేసే నైస్ సంస్థ 2025లో షరతులతో సిఫారసు చేసింది. గోధుమ, నల్ల రంగు చర్మం మీద ఆధారాలు తక్కువేనని అక్కడా గుర్తించారు.

రెండవది, ఎవరైనా దించుకుని సొంతంగా వాడే యాప్. 2015లో అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ మెలాప్, మోల్ డిటెక్టివ్ అనే రెండు యాప్‌ల మీద, ఆధారం లేకుండా మెలనోమాను గుర్తిస్తామని చెప్పుకున్నందుకు చర్య తీసుకుంది. 2020లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజే ప్రచురించిన సమీక్ష ఇలాంటి యాప్‌లను చూసి, అన్ని మెలనోమాలనూ అవి పట్టుకుంటాయని నమ్మలేమని తేల్చింది. మచ్చ చుట్టూ వైద్యులు గుర్తుకోసం గీసిన సిరా గీత ఉంటే చాలు, ఒక కృత్రిమ మేధ వ్యవస్థ మామూలు మచ్చలను కూడా మెలనోమా అనడం ఎక్కువైందని 2019లో జర్మనీ పరిశోధకులు చూపించారు. యాప్ "ఎర్ర గుర్తు" చూపించి భయపెట్టడం కన్నా "పచ్చ గుర్తు" చూపించి ఇంట్లో కూర్చోబెట్టడమే పెద్ద ప్రమాదం. ఫోన్‌ను నెలకోసారి అదే వెలుతురులో ఫొటో తీసి దాచుకోవడానికి వాడండి, తీర్పు కోసం కాదు.

ఒళ్లంతా ఒకేసారి చిత్రించే యంత్రాల గురించి క్లుప్తంగా. 92 కెమెరాలుండే వెక్ట్రా వంటివి పుట్టుమచ్చలు వందల్లో ఉన్నవారిలో కొత్తగా వచ్చిన దాన్ని గుర్తించడానికి ఆస్ట్రేలియా వంటి చోట్ల వాడుతున్నారు. ఒంటి మీద నాలుగు మచ్చలున్నవారికి వీటి అవసరం లేదు.

| సాధనం | ఎవరి చేతిలో | అరికాలు, గోళ్లు | మన చర్మం మీద ఆధారం | పెద్ద లోపం |
|---|---|---|---|---|
| డెర్మోస్కోప్ | శిక్షణ ఉన్న వైద్యులు | బాగా పనికొస్తుంది | ఆసియా రోగుల మీద ఉంది | శిక్షణ లేకపోతే వృథా |
| డెర్మాసెన్సర్ | చర్మవైద్యులు కాని డాక్టర్లు | ఆధారంగా తీసుకోలేం | చాలా తక్కువ | ఉత్తుత్తి అనుమానాలు ఎక్కువ |
| నెవిసెన్స్ | చర్మవైద్యులు | వాడకూడదు | తక్కువ | వాడకూడని చోట్లు ఎక్కువ |
| కాన్‌ఫోకల్, ఓసీటీ | ప్రత్యేక కేంద్రాలు | పరిమితం | పరిమితం | ఖరీదు, చదివేవారి కొరత |
| జన్యు పట్టీ | అమెరికా క్లినిక్కులు | వాడకూడదు | తక్కువ | లభ్యత |
| సొంతంగా వాడే యాప్ | ఎవరైనా | నమ్మలేం | చాలా తక్కువ | ఉత్తుత్తి భరోసా |

ఎవరికి ఏది

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి, అరికాలిలోనో గోటిలోనో నల్లదనం కనిపించినవారు పరికరాల వేట మాని డెర్మోస్కోప్ వాడే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. చాలా గోళ్లలో సన్నని నల్ల చారలు ఉండడం మన రంగు చర్మంలో మామూలే. ఒకే గోటిలో, పెద్ద వయసులో కొత్తగా మొదలై, వెడల్పు పెరుగుతూ, గోటి చుట్టూ చర్మానికి కూడా రంగు పాకితే ఆలస్యం చేయకూడదు. దెబ్బ తగిలి గడ్డకట్టిన నెత్తురైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. చార అయితే మొదలు దగ్గరే అంటిపెట్టుకుని ఉంటుంది.

పాత కాలిన మచ్చ మీద, మానని పుండు అంచున గడ్డలా లేస్తే ఏ పరికరమూ అక్కరలేదు, నేరుగా ముక్క పరీక్షే. ఇలాంటి చోట "ముందు స్కాన్ చేయించి చూద్దాం" అనుకోవడం సమయం పోగొట్టుకోవడమే.

జిరోడెర్మా పిగ్మెంటోసమ్, ఆల్బినిజం (పుట్టుకతోనే చర్మానికి రంగు లేకపోవడం లేదా బాగా తగ్గడం) ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంగతి పూర్తిగా వేరు. ఇవి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బులు కనుక, మేనరికాలు ఉన్న కుటుంబాల్లో వీటి అవకాశం ఎక్కువ. మొదటిదానిలో ఎండ చేసిన హానిని కణాలు సరిదిద్దుకోలేవు. చాలామందిలో పదేళ్లు నిండకముందే చర్మ క్యాన్సర్ వస్తుంది. ఒంటి నిండా మచ్చలుండే ఈ పిల్లలకు కొన్ని నెలలకోసారి డెర్మోస్కోప్ పరీక్ష, ప్రతిసారీ అవే కోణాల్లో తీసిన ఫొటోలు కావాలి. దొరికే చోట కాన్‌ఫోకల్ యంత్రం నిజంగా అక్కరకొచ్చేది వీరికే, ప్రతి అనుమానానికీ కోత పెట్టలేరు కదా.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడి, ఒంటి మీద ఏ మార్పూ లేకుండా ఏటా చెకప్ చేయించుకోవాలా అని అడిగేవారికి ఒక మాట. లక్షణాలు లేనివారందరికీ చర్మాన్ని చూసి స్క్రీనింగ్ చేయాలా వద్దా అన్నదానికి తగిన ఆధారాలు లేవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2023లో ప్రకటించింది. అక్కడి స్నేహితులు చేయించుకుంటున్నారని మనమూ చేయించుకోనక్కరలేదు. స్నానం చేశాక అరికాళ్లు, గోళ్లు ఒకసారి చూసుకోవడం మన చర్మానికి ఎక్కువ సరిపోతుంది.

చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేస్తూ, ఏదో ఒక పరికరం కొనాలనుకునే డాక్టరుకు నా సలహా: ఖరీదైన సెన్సరు జోలికి పోకుండా, పోలరైజ్డ్ డెర్మోస్కోప్ ఒకటి, దానికి సరిపడే శిక్షణ కోర్సు ఒకటి ముందు తీసుకోండి. ఫోన్‌కు తగిలేలా కొంటే ఆ చిత్రాలను మీకు తెలిసిన చర్మవైద్యులకు పంపి అభిప్రాయం అడగవచ్చు. పంపేటప్పుడు రెండు ఫొటోలు ఉండాలి. ఒకటి మచ్చ శరీరంలో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి, మరొకటి పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి డెర్మోస్కోప్‌తో. అరికాలి మచ్చ ఏడు మిల్లీమీటర్లు దాటి, చాళ్ల వెంట సాగే మామూలు అమరిక కనిపించకపోతే జవాబు కోసం ఎదురుచూడకుండా ముక్క పరీక్షకు రాసిచ్చేయండి.